రెండో వైపు తర్వాత

జొంగ్నో వీధిలో గడియారాల కొట్టుకీ జిన్‌సెంగ్ అంగడికీ మధ్య
మా రికార్డుల దుకాణం.
నా పని లెడ్జరు రాయడం:
పాట, పాడినవాళ్లు, ధర, రకం.
రకం అన్న గడి చిటికెన వేలి గోరంత.
మా గొంతులన్నీ అందులో పడతాయని
ఒసాకాలో ఎవరో గీత గీశారు.

మొదట్లో తేలికే అనుకున్నాను.
మిన్యో అంటే పొలంలోంచి వచ్చింది, కాళ్లకింకా బురద ఉంటుంది.
జప్గా రేవుల్లో, సత్రాల్లో, బియ్యపు కల్లు ముంత పక్కన పుట్టింది.
గాగోక్ పాడే పెద్దమనిషి ఒక్క అచ్చును పట్టుకుంటే,
నేను పెరట్లోకెళ్లి బొగ్గు తెచ్చి పొయ్యిలో వేసొచ్చినా
ఇంకా దానిమీదే ఉంటాడు.
మన్యోలో మొగుడూ పెళ్లాం ట్రామెక్కి తిట్టుకుంటారు.
విని పోలీసు కూడా నవ్వాడొకసారి,
నవ్వయ్యాక జేబులోంచి పుస్తకం తీశాడు.
యుహెంగ్గా అయితే వాన, ఓడరేవు, వెళ్లిపోయిన మనిషి.
పొద్దున పెట్టె విప్పితే సాయంత్రానికి గడ్డి మిగులుతుంది.

పన్సోరీ దగ్గర నా కలం తడబడింది.

బ్యోన్ ఓక్యాంగ్ ఓడెక్కి, సముద్రం దాటి, పాడి వచ్చింది.
రికార్డు మీద తన పేరు జపాను ఉచ్చారణలో అచ్చయితే
నాచేత చదివించుకుని
"ఈవిడెవరు?" అంది.

ఆమె డోలుగాడు చూ మన్‌బోక్ బార్లీ నీళ్లు తాగుతూ చెప్పాడు:
"దెబ్బకు సూది ఎగురుతోందని నన్ను గోడ దాకా జరిపారు.
డోలుకు దుప్పటి కప్పారు, జ్వరమొచ్చిన పిల్లకు కప్పినట్టు.
ఆమె మొహం కనబడదు. వీపే.
వీపు ఊపిరి పీల్చినప్పుడల్లా కొట్టాను."

రాత్రంతా సాగే కథ అది.
మధ్యలో లేచి, అన్నం తిని, మళ్లీ కూర్చుని వినే కథ.
మూడు నిమిషాలకోసారి ఎర్ర దీపం.
ఉప్పు మోసే పిల్ల మంచులో కొండ దాటుతుంది. మొదటి వైపు.
తండ్రి ఉన్న చెరసాల కనబడుతుంది. రెండో వైపు.
తలుపు మీద చెయ్యి వేస్తుంది.
గరగర.

తర్వాతి రికార్డుకు మూడు ఉత్తరాలు రాశాను.
ఒకే వాక్యం వచ్చింది: విడుదల కాదు.
అమ్ముడుపోదనా, చెరసాలనా,
చెప్పలేదు.

గుర్రపు వెంట్రుకలతో టోపీలల్లే ఓ హ్యోన్‌చిల్‌కి
ఇంట్లో ఫోనోగ్రాఫు లేదు, ఆ టోపీలు పెట్టుకునే తలలూ ఇప్పుడు తక్కువ.
సంతరోజున వచ్చి నిలబడి రెండు వైపులా వినేవాడు.
"తెరిచిందా?" అనేవాడు.
"లేదు తాతా."

మంచు కురిసిన ఒక మధ్యాహ్నం
మూడోసారి అడగలేదు.
నా బల్లను డోలు చేసుకుని
గరగర ఆగిన చోటునుంచి ఎత్తుకున్నాడు.
గొంతా అది? తుప్పు పట్టిన గడియ.
వాన పాట కొనడానికొచ్చిన కుర్రాళ్లు
భుజాల మీది మంచు దులుపుకోవడం మరిచారు.
పక్క కొట్లో గడియారాలన్నీ కలిసి నాలుగు కొట్టాయి,
తర్వాత ఐదు.
ఆయన ఆగలేదు.

ఆ పిల్ల తలుపు తెరిచాక ఏమైందో చెప్పను.
విన్నవాళ్లం పదకొండుగురం.

రాత్రి లెడ్జరు తీశాను.
పాడినవాళ్లు: రాశాను. ధర: లేదు.
రకం దగ్గర కలం ఆనించి ఆలోచిస్తూ కూర్చుంటే
సిరా ఊరి, గీత దాటి,
పక్క గడినీ కింది గడినీ తడిపేసింది.
యజమాని నా జీతంలో ఒక కాగితం ఖరీదు కోశాడు.

పగిలిన రికార్డులు తూకం మీద ఒసాకాకి తిరిగెళ్తాయి.
లక్క కరిగించి కొత్త పాటలు పోస్తారట.
ఓక్యాంగ్‌వి పద్నాలుగు వెళ్లాయి.
అందుకే కొత్త పెట్టె వచ్చిన రోజున
వానకూ రేవుకూ అడుగున ఎక్కడైనా
మంచులో నడక వినబడుతుందేమోనని
చెవి బాగా దగ్గర పెడతాను.

"కొంటావా, వింటావా?" అంటాడు యజమాని.